ఈగ కన్నూ, పుట్టుకతో వచ్చిన బుద్ధీ

యాప్రాల్‌లో మామిడిపళ్ళ కాలం వచ్చిందంటే మా వంటింటి మీద చిన్న ఈగల దండయాత్ర మొదలవుతుంది. బుట్ట మీద ఎంత మందపు గుడ్డ కప్పినా, మగ్గిన పండు వాసన పట్టుకొని, నువ్వుగింజంత ఈగలు ఎక్కణ్ణుంచో వచ్చి వాలుతాయి. ఇటుకరంగు కళ్ళు, తేనెరంగు ఒళ్ళు. చేయి ఎత్తేలోగా లేచిపోయి, గాలిలో ఒక చుట్టు చుట్టి, తిరిగి అదే పండు మీదికి చేరతాయి. శాస్త్రజ్ఞులు దీనికి డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అని పేరు పెట్టుకొన్నారు. ఆ గ్రీకు మాటలను విడదీస్తే మంచుబిందువులను ప్రేమించేది, నల్లని పొట్ట గలది అని వస్తుంది. హిమప్రియ, కృష్ణోదరి అన్నమాట. ఇంత చక్కని పేరు గలదాన్ని మా ఇంటావిడ తడిగుడ్డతో కొడుతూ ఉంటుంది.

తెలుగు పండితుడికి ఈగతో పనేమిటని బ్లాగ్మిత్రులు అడగవచ్చు. పని పడింది. చాలా ఏళ్ళ కిందట బడిలో ఒక తల్లి నన్నొక ప్రశ్న అడిగింది. ఆమెకు కవల మగపిల్లలు, అచ్చుగుద్దినట్టు ఒకటే పోలిక. ఇద్దరూ నా తరగతే. ఒకడు నల్లబల్ల మీద నుంచి చూపు మరల్చేవాడు కాదు. రెండోవాడి చూపు దేని మీదా రెండు క్షణాలు నిలిచేది కాదు. వాడి మీద ఫిర్యాదు చెబుతూ, అలవాటుగా, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదమ్మా" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "ఇద్దరు ఒక్కతీరుగనే పుట్టిండ్రు గద సారూ. ఒక్కటే ఇల్లు, ఒక్కటే బువ్వ. మరి ఆ బుద్ధి వీనికొక్కనికే ఎట్లొచ్చింది?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. కవిత్వానికి మూలమేమిటని మన లాక్షణికులు తరతరాలుగా వాదించుకొన్నారు. ప్రతిభ పుట్టుకతో వచ్చేది, వ్యుత్పత్తి చదువుతో వచ్చేది, అభ్యాసం సాధనతో వచ్చేది. పరీక్షల్లో ఈ మూడింటి మీద ఎన్నో పుటలు రాసినవాణ్ణి. ఆ తల్లి ప్రశ్నకు మూడింటిలో ఒక్కటీ సరిపోలేదు. పదవీ విరమణ తరువాత తీరిక దొరికి జీవశాస్త్రం మీద పుస్తకాలు తిరగేస్తుంటే, జవాబు లాంటిదొకటి ఈ ఈగ కంటి చరిత్రలో కనిపించింది. ఆ చరిత్రే ఈ టపా.

మొదట కన్ను సంగతి. ఈగ కన్ను మన కన్నులాగా ఒకే కటకం కాదు. ఒక్కో కంటిలో సుమారు 750 నేత్రాంశాలుంటాయి. ఒక్కో నేత్రాంశంలో వెలుగును పట్టే కణాలు ఎనిమిది. వాటికి వేరే పేర్లు లేవు, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలే. ప్రతి కణం నుంచీ ఒక సన్నని పోగు మెదడు వైపు సాగుతుంది. ఒక కంటికి దరిదాపు ఆరువేల పోగులు. ప్రతిదీ తన చోటికే చేరాలి, తప్పితే ఈగకు ప్రపంచం చెదిరిన అద్దమవుతుంది. స్పెయిన్ దేశపు నాడీశాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ తన సహచరుడు దొమింగో సాంచెజ్‌తో కలిసి కీటకాల కళ్ళ వెనుక ఉండే ఈ అల్లికను బొమ్మలు గీసి 1915లో ప్రచురించాడు. సాగే పోగు చివర చేతివేళ్ళలాగా తడుముకొనే కొన ఒకటుంటుందని 1890లోనే చూపినవాడూ ఆయనే. ఏవో రసాయనాల జాడ పట్టుకొని ఆ కొన దారి వెతుక్కొంటుందని ఆయన ఊహించాడు. అది చాలాకాలం ఊహగానే మిగిలింది.

తరువాతి తరంలో పెద్ద వాదం నడిచింది. ముందు నాడులు ఎలా పడితే అలా కలుస్తాయనీ, వాడుకలో పడ్డాక మెదడు వాటిని సర్దుకొంటుందనీ పాల్ వైస్ వంటివారు నమ్మేవారు. వైస్ శిష్యుడే రోజర్ స్పెర్రీ. గురువుగారి మాట సరిచూద్దామని ఆయన 1940లలో నీటి బల్లుల, కప్పల కంటి నాడిని కోసి, కనుగుడ్డును తలకిందులుగా తిప్పి అమర్చాడు. ఈ జీవాలలో కోసిన కంటి నాడి మళ్ళీ పెరుగుతుంది. పెరిగింది. చూపూ వచ్చింది. కానీ పైన ఈగ ఆడితే కప్ప కిందికి నాలుక చాపింది. ఎన్నాళ్ళు గడిచినా నేర్చుకోలేదు. వాడుక వల్ల దారి సర్దుకొని ఉంటే ఇలా జరగకూడదు. ప్రతి పోగు మీదా దాని గమ్యం మీదా జతగా రసాయన ముద్రలుంటాయని 1963లో స్పెర్రీ సిద్ధాంతీకరించాడు. గురువును ప్రయోగంతో కాదనడం మన పండిత పరంపరలో అంత సులువు కాదు. అందుకే ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాను.

ముద్రలున్నాయి సరే, వాటిని ఎవరు రాస్తారు? జన్యువులు రాయాలి. ఏ జన్యువులు? ఇక్కడే మన పండుఈగ రంగంలోకి దిగుతుంది. న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గన్ 1910లో ఎర్రకళ్ళ ఈగల నడుమ తెల్లకళ్ళ మగ ఈగనొకదాన్ని కనుగొన్నప్పటి నుంచీ జన్యుశాస్త్రానికి ఇది ఇంటి పురుగైపోయింది. పదిరోజుల్లో ఒక తరం, అరటిపండు గుజ్జు చాలు. సెమూర్ బెంజర్ అనే ఆయన 1960లలో స్పెర్రీ ప్రయోగశాలలో కొంతకాలం గడిపి, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లోనే స్థిరపడ్డాడు. వెలుగు వైపు ఉరకడం ఈ ఈగ స్వభావం. గాజుగొట్టాలు వరసగా అమర్చి, ఒక చివర దీపం పెట్టి, ఉరికేవాటినీ ఉరకనివాటినీ వేరుచేశాడు. రసాయనంతో జన్యువులు చెడగొట్టిన ఈగల సంతానంలో స్వభావం తప్పినవి దొరికాయి. 1967లో దీన్ని ప్రచురించినప్పుడు, ఒక్క జన్యువు చెడితే నడవడి మారుతుందంటే నమ్మనివారే ఎక్కువ.

అలా దొరికినవాటిలో ఒకదాని పేరు సెవెన్‌లెస్. మామూలు ఈగకు అతినీలలోహిత కాంతి, కంటికి కనిపించే కాంతి రెండూ పెడితే మొదటిదాని వైపు పోతుంది. ఈ ఈగ రెండోదాని వైపు పోయింది. కన్ను కోసి చూస్తే ప్రతి నేత్రాంశంలోనూ ఏడో కణం లేదు. అందుకే ఆ పేరు. 1976లో దీని వివరాలు వెలువడ్డాయి. 1987లో ఆ జన్యువును విడదీసి చదివారు. బెంజర్ దగ్గర పనిచేసిన ఉత్పల్ బెనర్జీ గారు ఆ పనిలో ఒకరు.

ఇక్కడ పండితుడి అభ్యంతరమొకటి మనవి చేసుకోవాలి. ఏడో కణాన్ని పుట్టించే జన్యువుకు "ఏడోది లేనిది" అని పేరేమిటి? కన్ను ఎర్రబడడానికి కావలసిన జన్యువు పేరు వైట్, అంటే తెలుపు. కన్ను ఏర్పడడానికి కావలసినదాని పేరు ఐలెస్, అంటే కన్నులేనిది. చెడిపోతే ఏమవుతుందో చూసి పేరు పెట్టడం వీరి సంప్రదాయం. మనం నఞ్ సమాసాన్ని లేనిదానికి వాడతాం, వీరు ఉన్నదానికి వాడతారు. మొదట్లో చిరాకుపడ్డాను గానీ, ఆలోచించగా వారిదే నిజాయితీ అనిపించింది. జన్యువు ఏం చేస్తుందో వారికి తెలియదు, అది లేకపోతే ఏం జరుగుతుందో మాత్రమే తెలుసు. పేరులో తెలిసినదే పెట్టారు. ఆపైన చమత్కారం మొదలైంది. సెవెన్‌లెస్‌కు పక్క కణం నుంచి సంకేతమిచ్చే జన్యువుకు సెవెన్‌లెస్ వధువు అనీ, లోపల ఆ సంకేతాన్ని అందుకొనేదానికి సెవెన్‌లెస్ పుత్రుడు అనీ పేర్లు పెట్టారు. ఆ పుత్రుడు రాస్ అనే ప్రోటీనును మేల్కొలుపుతాడు. మనుషుల్లో ఎన్నో క్యాన్సర్లలో చెడిపోయి కనిపించేది ఆ రాస్ కుటుంబమే. ఈగ కంటిలో ఒక్క కణం కోసం వెతికినవారు ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చారు.

బెంజర్‌తో కలిసి పనిచేసిన మనవారిలో ముఖ్యులు ఒబైద్ సిద్దిఖీ గారు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1962లో అణుజీవశాస్త్ర విభాగాన్ని ఆరంభించినవారు. వేడి తగిలితే చచ్చుబడి, చల్లబడగానే లేచి నడిచే ఈగల మీద ఆ ఇద్దరి వ్యాసం 1976లో వచ్చింది. తరువాత సిద్దిఖీ గారు, వెరోనికా రోడ్రిగ్స్ గారు ఈగ ముక్కు వెంట పడ్డారు. మా నగరానికీ ఈ ఈగతో బంధుత్వం ఉంది. యాప్రాల్ నుంచి సైనిక్‌పురి, ఈసీఐఎల్ మీదుగా హబ్సిగూడ చేరితే, పుష్ప మిత్ర భార్గవ గారు 1977లో ఆరంభించిన సీసీఎంబీ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. ఎల్. ఎస్. శశిధర గారు 1990ల నడుమ నుంచి 2007 దాకా అక్కడ ఈగ రెక్కల మీద పనిచేశారు. ఈగకు ముందు రెక్కలు మామూలువి, వెనుకవి చిన్న గదల్లాంటి తూనికకాడలు. అల్ట్రాబైథొరాక్స్ అనే ఒక్క జన్యువు వెనుకదాన్ని రెక్క కాకుండా ఆపుతుంది. ఆ జన్యువు తన కింద ఉన్న జన్యువులను ఏ విధంగా అదుపు చేస్తుందో ఆయన బృందం వెతికింది. అది కన్ను కాదు, రెక్క. అయినా ప్రశ్న ఒకటే: నిర్మాణం ఎంతవరకు ముందే రాసి ఉంటుంది?

ఇక పోగుల సంగతికి వద్దాం. ఇది మొత్తం కథలో నాకు మిక్కిలి ఇష్టమైన భాగం. జర్మనీలో ట్యూబింగెన్ నగరంలో కిర్ష్‌ఫెల్డ్, బ్రైటెన్‌బర్గ్ అనేవారు 1967లో ఒక విచిత్రం తేల్చారు. ఒకే కటకం కింద ఉన్న మొదటి ఆరు కణాలు ఆరు వేర్వేరు దిక్కులు చూస్తాయి. పక్కపక్కనున్న ఆరు కటకాల కింద ఒక్కో కణం చొప్పున ఆరు కణాలు ఒకే చుక్కను చూస్తాయి. ఒకే చుక్కను చూసే ఆ ఆరింటి పోగులూ మెదడులో ఒకే చోట కలవాలి. దీన్ని ఇలా ఊహించండి. ఒక ఊరి నుంచి ఆరుగురు ఒకే బస్సులో బయలుదేరతారు. ఆరుగురూ వెళ్ళవలసినది ఆరు వేర్వేరు పెళ్ళిళ్ళకు. ప్రతి పెళ్ళిలోనూ ఆరు ఊళ్ళ వాళ్ళు, ఊరికొక్కరు చొప్పున, కలవాలి. అలాంటి పెళ్ళిళ్ళు 750. ఒక్కరికీ శుభలేఖ అందలేదు.

శుభలేఖ లేదంటే తొందరపాటు కాదు. స్పెర్రీ చెప్పినట్టు ప్రతి గమ్యానికీ ఒక ప్రత్యేక ముద్ర ఉంటుందని అందరూ వెతికారు. 2001 నుంచి లారెన్స్ జిపుర్స్కీ, థామస్ క్లాండినిన్ ప్రభృతులు ఎన్-క్యాడ్‌హెరిన్, లార్, ఫ్లెమింగో అనే జన్యువులు చెడితే ఈ పోగులు దారి తప్పుతాయని చూపారు. పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంస పేరు ఈగ జన్యువుకుండడం నాకు ముచ్చటగా తోచింది. కానీ ఇవి అన్ని పోగుల మీదా ఉండే సాధారణ వస్తువులు. ఒక్కో పెళ్ళికి ఒక్కో చిరునామా వాటిలో లేదు. 2015లో రాబిన్ హీసింగర్ బృందం బతికున్న ఈగ కోశస్థ దశలోనే పోగులు సాగడం కనిపెట్టి చూసి, లెక్కకట్టింది. ఆరు పోగులకూ ఒక్కోదానికి తన కోణం, తన వేగం ఉన్నాయి. అన్నీ ఒకే సమయానికి కదులుతాయి. పొరుగు పోగులే దారికి గట్లవుతాయి. వచ్చే కొనలు ఒకదానిపై ఒకటి బాగా కలిసిన చోట ఆగుతాయి. అంతే. చిరునామాలు లేకుండానే, ఎవరి నడక వారు నడిస్తే, అందరూ సరైన పందిట్లో కలుస్తారు.

ఇది చదివినప్పుడు నాకు పాణిని గుర్తుకొచ్చాడు. అష్టాధ్యాయిలో సంస్కృత పదాలన్నిటి పట్టికా లేదు. దాదాపు నాలుగువేల సూత్రాలున్నాయి. ఏ పదమైనా ఆ సూత్రాలు వరసగా నడిస్తే సిద్ధిస్తుంది. జన్యువులలోనూ కంటి పటం రాసి లేదు, పటాన్ని సాధించే ప్రక్రియ ఉంది. నిఘంటువు కాదు, వ్యాకరణం.

ఆ ప్రక్రియలో ఒక మెట్టు మీద మరో మెట్టు. కంటి పోగులు లామినా అనే మొదటి మజిలీ చేరేసరికి అక్కడ వాటిని అందుకోవలసిన కణాలు ఇంకా తయారై ఉండవు. పోగులే హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీనును మోసుకువచ్చి అక్కడి కణాలను పుట్టిస్తాయని 1996లో హువాంగ్, క్యూన్స్ చూపారు. పెళ్ళివారు వచ్చాకే విడిది ఇల్లు లేస్తుందన్నమాట. ఎన్ని పోగులు వస్తే అన్ని గదులు. కన్ను లేని ఈగకు లామినాయే ఉండదు.

ఇంతవరకు చూస్తే పుట్టుకదే పైచేయి. ఈగను గుడ్డిదాన్ని చేసినా, నాడుల విద్యుత్తును ఆపినా, కంటి పోగులు తమ చోటనే కలిశాయని 2006లో తేలింది. కోశంలో ఉండగానే, వెలుగు చూడకముందే, ఆ కణాలు తమంత తాము మిణుకుమిణుకుమంటాయని 2019లో మరొక బృందం చూసింది. చూపుకన్నా ముందే ఏదో అభ్యాసం నడుస్తున్నదని లాక్షణికులు సంతోషించవచ్చు. అయినా బయటి ప్రపంచానికి అందులో చోటు లేదు. నా సామెత గెలిచినట్టే ఉంది.

అప్పుడు డీస్కామ్ వచ్చింది. 2000 సంవత్సరంలో, ఈగ డింభకం కంటి నాడి దారి తప్పే లోపం వెంట పోయి, జిపుర్స్కీ బృందం ఈ జన్యువును పట్టుకొంది. దాని జోడు మనిషిలో ఇరవైయొకటో క్రోమోజోము మీద 1998లోనే దొరికింది. డౌన్ సిండ్రోమ్‌కు సంబంధించిన ప్రాంతంలో ఉన్నది గనుక ఆ పేరు. ఈగలో దీని నిర్మాణం చూసి ఆశ్చర్యపోయారు. ఛందస్సు చదివినవారికి ప్రస్తారం తెలుసు. ఒక్కో స్థానంలో గురువో లఘువో, రెండే ఎంపికలు. మూడు స్థానాలకు ఎనిమిది గణాలు. డీస్కామ్‌లో ప్రస్తరించే స్థానాలు నాలుగు. మొదటి చోట 12 ఎంపికలు, రెండో చోట 48, మూడో చోట 33, నాలుగో చోట 2. గుణిస్తే 38,016 రూపాలు. ఈగ జన్యువులన్నీ కలిపినా పద్నాలుగు వేలకు అటూ ఇటూ. ఒక్క జన్యువు నుంచి అంతకు రెండున్నర రెట్లకు పైగా ప్రోటీను రూపాలు!

స్పెర్రీ ముద్రలు దొరికాయని అందరూ అనుకొన్నారు. తీరా చూస్తే వాటి పని వేరు. ప్రతి నాడీకణం ఈ ప్రస్తారంలో కొన్ని పదుల రూపాలను ఎంచుకొంటుంది. ఒకే రూపమున్న కొమ్మలు తగిలితే అతుక్కొని, వెంటనే ఒకదాన్నొకటి తోసుకొంటాయి. దాని వల్ల ఒక కణం తన కొమ్మలను తానే గుర్తుపట్టి, చిక్కుపడకుండా విడదీసుకొంటుంది. "నీవెవరితో కలవాలి" అని డీస్కామ్ చెప్పదు. "ఇది నేను" అని మాత్రం చెబుతుంది. నన్ను నిలబెట్టిన సంగతి మరొకటి. ఏ కణం ఏ రూపాలు తీసుకొంటుందో ముందుగా రాసి లేదు. చీటీలు తీసినట్టు తీసుకొంటుంది. ఏ రెండు కణాలకూ ఒకే చీటీలు రాకుండా ఉండేందుకే అన్ని వేల చీటీలు. పొరుగు కణాన్ని తానే అని పొరబడకుండా ఉండడానికి జన్యువే జూదాన్ని నియమించింది. మనిషిలో డీస్కామ్‌కు ఈ ప్రస్తారం లేదు. ప్రోటోక్యాడ్‌హెరిన్లనే వేరొక కుటుంబం వెన్నెముక గల జీవులలో ఇటువంటి పని చేస్తుంది.

2024 అక్టోబరులో ఆడ ఈగ మెదడు పూర్తి పటం వెలువడింది. 1,39,255 నాడీకణాలు, ఐదు కోట్లకు పైగా నాడీసంధులు. ఆ కణాలలో సగానికి పైగా చూపుకు చెందిన భాగాలలోనివే. అయితే అది ఒక్క ఈగ పటం. మరో ఈగ పటం అచ్చంగా అలాగే ఉంటుందా అనే ప్రశ్నకు, నాకు కావలసినంత మేరకు, 2020లోనే జవాబు వచ్చింది.

పారిస్‌లో బాసెమ్ హసన్ బృందం జన్యువులలో తేడా లేకుండా పెంచిన ఈగలను తీసుకొంది. ఒకే తిండి, ఒకే సీసా, ఒకే వెలుగు. ఎగరకుండా రెక్కలు కత్తిరించి గుండ్రని తిన్నె మీద వదిలారు. ఎదురెదురుగా రెండు నల్లని గీతలు. ఈగ ఒక గీత వైపు నడిచి, మళ్ళీ రెండోదాని వైపు నడుస్తుంది. కొన్ని ఈగలు గీటు గీసినట్టు తిన్నగా నడిచాయి. కొన్ని అటూ ఇటూ తిరుగుతూ నడిచాయి. రోజులు గడిచాక మళ్ళీ వదిలితే తిన్నగా నడిచినది తిన్నగానే, తిరిగినది తిరుగుతూనే నడిచింది. అంటే అది ఆ ఈగ స్వభావం. మెదడు చూస్తే చూపు భాగంలో ఒక చిన్న కణసమూహం పోగులు కుడిఎడమలకు సమానంగా వెళ్ళలేదు. తేడా ఎక్కువున్న ఈగ తిన్నగా నడిచింది, రెండువైపులా సమానంగా ఉన్నది చెదిరి నడిచింది. తేడాను కావాలని కలిగిస్తే నడక మెరుగుపడింది. ఈ తేడా సంతానానికి దిగలేదు. తిన్నగా నడిచే ఈగల పిల్లల్లోనూ రెండు రకాలూ మామూలుగానే పుట్టాయి.

వంశం వల్ల వచ్చినది కాదు. పెంపకం వల్ల వచ్చినదీ కాదు. పోగులు సాగే ఆ కొన్ని గంటల్లో ఏ కొన ముందు తాకింది, ఏది వెనుకబడింది అనే తారుమారు వల్ల స్థిరపడిన స్వభావం. పుట్టుకతో వచ్చినదే, కానీ తల్లిదండ్రుల నుంచి వచ్చినది కాదు. ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసాల పక్కన నాలుగోదానికి మన శాస్త్రంలో పేరు లేదు. యాదృచ్ఛికం అనవచ్చునేమో, మీకు మంచి మాట తోస్తే వ్యాఖ్యలో చెప్పండి.

మనిషి ఈగ కాదు. ఆ పిల్లవాడి తలలో ఏ పోగు ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. అయినా ఆనాడు నేను సామెత చెప్పినప్పుడు ఆ తల్లి అందులో విన్నది తన కడుపు మీద నింద. అందుకే ఆ ప్రశ్న అడిగింది. ఇప్పుడు కనిపిస్తే, "మీ ప్రశ్నే సరైనదమ్మా, నా మాటే తప్పు" అని చెప్పాలి. ఆ పిల్లలిద్దరికీ ఇప్పుడు నలభై దాటి ఉంటాయి.